రెండు తాళ్ళ వల, ఒక్క కోరిక కోడలు

అనగనగా సముద్రం అంచున, అల వచ్చి గడప కడిగి పోయేంత దగ్గరగా ఒక ఊరుండేదిట. ఉండు, ముందు కాళ్ళు దుప్పట్లో పెట్టు చంటీ, ఫ్యాను గాలికి పొద్దున్నకి జలుబు చేస్తుంది. తులసీ, నువ్వు ఈ పక్కకి జరుగు. అమ్మా మావయ్యా ఎందుకు మాట్లాడుకోవట్లేదని ఇంక అడక్కు. ఓట్ల గొడవ. మధ్యాహ్నం అన్నాల దగ్గర మొదలైంది. వాడు కంచం ముందు నుంచి లేచిపోయి వరండాలో కూర్చున్నాడు, మీ అమ్మ వంటింట్లో గిన్నెలు మోగిస్తోంది. మోగించనీ. మనం కథ చెప్పుకుందాం. షరతు తెలుసుగా, నేను చెబుతూంటే మీరు ఊ కొట్టాలి. ఊ లేకపోతే నాకు కథ సాగదు.

ఏం చెప్పాను, ఊరు. ఆ ఊళ్ళో రెండు వీధులు, ఉత్తరపు వీధి, దక్షిణపు వీధి. అందరూ చేపలు పట్టేవాళ్ళే. ఊరంతటికీ కలిపి ఒక పెద్ద వల ఉండేది. దాన్ని అలివి వల అంటారు. మీరుండే నాగపూర్‌లో సముద్రం లేదు కాబట్టి చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి, కథంతా ఆ వల మీదే ఉంది.

ఆ వలకి మధ్యలో ఓ పెద్ద సంచి, అటూ ఇటూ రెండు రెక్కలు, రెక్కల చివర రెండు పొడుగాటి తాళ్ళు. ఒక తాడు ఒడ్డునున్న ఉత్తరపు వీధివాళ్ళు పట్టుకుంటారు. పడవవాడు వలని సముద్రంలోకి తీసుకెళ్ళి, నీళ్ళ మీద పేద్ద చేట గీసినట్టు తిరిగొచ్చి, రెండో తాడు దక్షిణపు వీధివాళ్ళ చేతిలో పెడతాడు. ఇంక లాగడమే. లాగుతూ లాగుతూ అటువాళ్ళు ఓ అడుగు ఇటు, ఇటువాళ్ళు ఓ అడుగు అటు. అలా నడిచి నడిచి రెండు గుంపులూ ఒక్కచోటికి చేరేసరికి, వల నోరు మూసుకుని, సంచి నిండా చేపలతో ఒడ్డున పడుతుంది. అర్థమైందా? ఊ.

లాగడానికి ఓ పాట కూడా ఉంది. ఉత్తరపువాళ్ళు ఎత్తుకోవాలి, దక్షిణపువాళ్ళు బదులివ్వాలి.

సాగరమ్మ ఇంటిలోన చాపలున్నవో
ఐలేసా, చాపలున్నవో
చాపలన్ని చుట్టమల్లే చేరవచ్చెనో
ఐలేసా, చేరవచ్చెనో

ఆ ఎత్తుకునేవాడు ఎర్రన్న. ఉత్తరపు వీధిలో పెద్దమనిషి. గొంతెత్తితే పడవలో ఉన్నవాడికి కూడా వినిపించేది. బదులిచ్చేవాడు గురువులు, దక్షిణపు వీధిలో పెద్దమనిషి. వాడిది గొంతు కాదు, ఉరుము. ఇద్దరూ చిన్నప్పటి నుంచి స్నేహితులు, ఆ పైన వియ్యంకులు. ఎర్రన్న కూతురు అసిరిని గురువులు కొడుకు దానయ్యకిచ్చి చేశారు. వల పడవలో వేసుకుని వెళ్ళేది ఆ దానయ్యే. మంచివాడు, మాట తక్కువ, కోపం అస్సలు లేదు. అసిరి మాత్రం చురుకైన పిల్ల. అటు పుట్టిల్లు, ఇటు మెట్టిల్లు, మధ్యలో ఇసక. కూర గిన్నె పట్టుకుని పొద్దున అటు, సాయంత్రం ఇటు.

ఇలా ఉండగా ఆ దేశపు రాజుకి ఓ ఆలోచన వచ్చింది. ప్రతి ఊరికీ పెద్దని నేనెందుకు పెట్టాలి, వాళ్ళ పెద్దని వాళ్ళే ఎంచుకోనీ అనుకున్నాడు. మంచి ఆలోచనే, తప్పు పట్టకూడదు. రెండు కుండలు పంపించాడు. ఒక కుండ మీద పీత బొమ్మ, ఒక కుండ మీద శంఖం బొమ్మ. మనిషికో గవ్వ. నచ్చినవాడి కుండలో వెయ్యాలి, ఎవరి కుండ బరువైతే వాడు పెద్ద.

పీత గుర్తుకి గురువులు నిలబడ్డాడు. శంఖం గుర్తుకి ఎవరు నిలబడ్డారో చెప్పుకోండి? ఆఁ, ఎర్రన్నే. నిలబడేటప్పుడు ఇద్దరూ నవ్వుకుంటూనే నిలబడ్డారుట. ఎవరు గెలిస్తే ఏముంది బావా అనుకున్నారుట. కానీ గవ్వలు వేసే రోజు దగ్గరపడేకొద్దీ మాటలు ముదిరాయి. పీత పక్కకి నడుస్తుంది, ముందుకి నడవదు, వీడూ అంతే అని ఉత్తరపువాళ్ళు అన్నారు. శంఖం లోపలంతా ఖాళీ, ఊదితే మోత తప్ప ఏమీ లేదు అని దక్షిణపువాళ్ళు అన్నారు. పిల్లలు కూడా అవే మాటలు పట్టుకుని వీధుల్లో అరిచారు.

గవ్వలు పడ్డాయి. గుప్పెడు గవ్వల తేడాతో గురువులు గెలిచాడు. గెలిచినవాడు ఊరుకోవచ్చుగా? డప్పులు పెట్టి, పీత బొమ్మ కర్రకి కట్టి, సరిగ్గా ఎర్రన్న గుమ్మం ముందు నుంచి ఊరేగింపు తీశాడు. ఓడినవాడు ఊరుకోవచ్చుగా? అరుగు మీద కూర్చుని, ఆ కుండకి అడుగున మట్టి మెత్తారు, అందుకే బరువు తూగింది అన్నాడు. ఆ రోజుతో మాట తెగింది.

మాట తెగితే ఏమవుతుందో చూడండి. వియ్యంకుడు మాట్లాడడని వియ్యపురాలు మాట్లాడదు. వియ్యపురాలు మాట్లాడదని నిప్పు అడగరు. నిప్పు అడగరు గనక పొయ్యి రాజదు. పొయ్యి రాజదని మొగుడు అలుగుతాడు. మొగుడు అలిగాడని పెళ్ళాం గిన్నె విసురుతుంది. గిన్నె తగిలి కోడి పరిగెడుతుంది. ఆ కోడి పోయి పోయి అవతలి వీధి గింజ తింటుంది. గింజ తిన్నందుకు మళ్ళీ వియ్యంకుడి మీద అరుపు. పీతోళ్ళ కోడి శంఖమోళ్ళ గింజ తినొచ్చా అని పంచాయితీ. కోడికి ఏం తెలుసు పాపం, దానికి గవ్వ కూడా లేదు. నవ్వకండి, ఊ కొట్టండి.

అన్నీ ఒక ఎత్తు, ఇసక మీద వాళ్ళు చేసిన పని ఒక ఎత్తు. ఉత్తరపువాళ్ళు ఓ చోట వరసగా కర్రలు పాతి, ఇది దాటి ఇటు పీత కాలు పడకూడదన్నారు. ఇంకో చోట దక్షిణపువాళ్ళు వరసగా కర్రలు పాతి, ఇది దాటి ఇటు శంఖం కాలు పడకూడదన్నారు. మధ్యలో ఇసక ఎవరిదీ కాకుండా పోయింది. వలని కూడా రెండు ముక్కలు చేసేద్దామని కత్తి తెచ్చారు గానీ, సగం వలతో ఏం పడతామో ఎవరికీ తోచక కత్తి లోపల పెట్టేశారు. సరే, మా తాడు మేం లాగుతాం, మీ తాడు మీరు లాగండి అనుకున్నారు.

దానయ్య వల వేసొచ్చాడు. లాగారు. ఎవరి కర్రల దగ్గర వాళ్ళు నిలబడి, మనమే గట్టిగా లాగాలి, వాళ్ళు చూసి సిగ్గుపడాలి అని పళ్ళు బిగించి లాగారు. పాట లేదు. ఎర్రన్న ఎత్తుకోలేదు, ఎత్తుకుంటే గురువులు బదులివ్వాలిగా. సంచి ఒడ్డుకొచ్చింది. విప్పి చూస్తే ఏముంది? కాస్త నాచు, ఓ పాత చెప్పు. చెప్పు మీదంటే మీదని కాసేపు తిట్టుకున్నారు. వల ఖాళీ, బుట్ట ఖాళీ, పొయ్యి మీద కుండ ఖాళీ.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వల ఖాళీ, బుట్ట ఖాళీ, పొయ్యి మీద కుండ ఖాళీ.

అప్పుడు ఆ ఊరికి జోగయ్య అనే మంత్రగాడు వచ్చాడు. మంచి ఆకలి మీదున్నాడు. ఉత్తరపు వీధికి పోయి, మీ వలలో దెయ్యం కూర్చుని చేపల్ని వదిలేస్తోంది, దాన్ని పంపింది పీతోళ్ళు అన్నాడు. వాళ్ళు కోడిని కోసి కూర వండి పెట్టారు. చెయ్యి కడుక్కుని దక్షిణపు వీధికి పోయి, దెయ్యం ఉంది, దాన్ని పంపింది శంఖమోళ్ళు అన్నాడు. వాళ్ళూ కోడిని కోశారు. ఊరంతా పస్తుంటే రెండు వీధుల్లోనూ తిన్నవాడు అతనొక్కడే. ఊళ్ళో కోళ్ళు తగ్గాయి, జోగయ్య పొట్ట పెరిగింది, దెయ్యం మాత్రం పోలేదు. ఉంటేగా పోవడానికి.

ఇంతకీ మన అసిరి సంగతి చెప్పాలి. అసిరికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. తొలి కానుపు పుట్టింట్లో జరగాలిగా. మీ అమ్మ కూడా నిన్ను కనడానికి నా దగ్గరికే వచ్చింది తులసీ, ఈ గదిలోనే ఉంది. ఊ కొట్టు. అసిరి వెళ్తానంటే మావ గురువులు ఒప్పుకోలేదు. ఆ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కనక్కర్లేదు అన్నాడు. పోనీ అయ్యకి కబురు పెడదామంటే ఎర్రన్న అంతకన్నా మొండి. పీత తప్పు, శంఖమే ఒప్పు అని నలుగురిలో చెప్పి రమ్మను, అప్పుడే తలుపు తీస్తాను అన్నాడు. తల్లి పైడమ్మ గోడ చాటున ఏడ్చింది. అత్త నూకాలు కూడా ఏడ్చిందిట, పొయ్యి ఊదుతున్నట్టు నటిస్తూ. దానయ్య ఏం చేశాడంటావా? వెళ్ళి పడవలో కూర్చున్నాడు. అటు మావ, ఇటు అయ్య, నీళ్ళ మీద ఎవరూ అరవరు.

లాగే పనికి అసిరిని రానివ్వట్లేదు కాబట్టి, ఆ పిల్ల పొద్దున్నే ఇసక దిబ్బ ఎక్కి కూర్చుని చూసేది. దిబ్బ మీద నుంచి చూస్తే ఒడ్డంతా కనిపిస్తుంది. అక్కడ లాగేవాడికి తన చేతులు, తన తాడే కనిపిస్తాయి. పైన ఉన్నదానికి ఇసక మీద అడుగులన్నీ కనిపించాయి. ఇదివరకు ఆ అడుగులు ఎలా ఉండేవి? అటు నుంచీ ఇటు నుంచీ వచ్చి ఓ చోట కలిసేవి. ఇప్పుడో? అటువాళ్ళవి అక్కడే తొక్కిన చోటే తొక్కి గుంటలు పడ్డాయి. ఇటువాళ్ళవీ అంతే. మధ్య ఇసక ఇస్త్రీ చేసిన చీరలా నున్నగా ఉంది. నీళ్ళలోకి చూస్తే వల నోరు బార్లా తెరుచుకుని ఉంది. చేపలు లోపలికొచ్చి, కాసేపు తిరిగి, ఎలా వచ్చాయో అలా బయటికి పోతున్నాయి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. దగ్గరికి నడవకపోవడమే దెయ్యం.

వెళ్ళి చెప్పింది. ఒక్క నాలుగడుగులు వాళ్ళ వైపు నడవండి మావా, వల మూసుకుంటుంది అంది. గెలిచినవాణ్ణి నేను నడవాలా, వాళ్ళనే రమ్మను అన్నాడు గురువులు. మా అయ్యకి చెప్పండని మనిషిని పంపించింది. ఓడించిందీ కాక నడిపిస్తారా కూడా, వాళ్ళనే రమ్మను అన్నాడు ఎర్రన్న.

ఇదిగో, ఇక్కడే ఉంది కిటుకు. ఆ ఊళ్ళో ఓ ఆచారం ఉండేది. నిండు చూలాలు నోరు తెరిచి ఒక కోరిక కోరితే ఊళ్ళో ఎవరూ కాదనకూడదు. కానుపుకి ఒక్కటే కోరిక. కాదన్నవాడికి సముద్రం మొహం చూపించదని వాళ్ళ నమ్మకం. మామిడికాయ అడిగినవాళ్ళున్నారు, ముంత ఎర్ర తేనె అడిగినవాళ్ళున్నారు. అసిరి ఇంకా ఏమీ అడగలేదు, దాచుకుంది.

ఏమిటి చంటీ? పుట్టింటికి పంపమని అడగొచ్చుగా అంటావా? నేనూ చిన్నప్పుడు మా అమ్మమ్మని అదే అడిగాను. అసిరికీ అదే అడగాలని ఉంది. దిబ్బ మీద కూర్చుని పొద్దుపోయేదాకా అదే ఆలోచించింది. అడిగితే తను పోతుంది. కానీ పుట్టబోయేదాని సంగతేమిటి? దానికి కోరికల్లేవు. అది రేపు అమ్మమ్మ ఇంటికి పోవాలంటే ఎవర్ని అడగాలి? ఇసక మీద ఎక్కడ నడవాలి? పైగా ఊరంతా పస్తులుంటే, తనొక్కతే అమ్మ చేతి ముద్ద ఎలా మింగుతుంది? ఉన్నది ఒక్క కోరిక.

తెల్లారింది. దానయ్య వల వేసొచ్చాడు. రెండు గుంపులూ తాళ్ళు పట్టుకున్నాయి. అప్పుడు అసిరి ఓ బుట్ట చంకన పెట్టుకుని, ఆపసోపాలు పడుతూ నడిచి నడిచి, ఎవరిదీ కాని ఆ ఇసకలో నట్టనడుమ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. కూర్చుని, నా కోరిక అడుగుతున్నాను వినండి అంది. లాగేవాళ్ళంతా ఆగిపోయారు. నాకు చేపల పులుసు తినాలనుంది. ఈ వలలో పడ్డ చేపే కావాలి. వల సంచి వచ్చి సరిగ్గా నా కాళ్ళ దగ్గర ఆగాలి, నా కళ్ళ ముందే చేప తియ్యాలి అంది.

గురువులు మొహం ఎర్రబడింది. కర్ర గీత దాటి వాళ్ళ దగ్గరికి నేను రాను కోడలా, ఇంకేదైనా అడుగు అన్నాడు.

"వాళ్ళ దగ్గరికి ఎవరు రమ్మన్నారు మావా? నా దగ్గరికి రా."

అటు తిరిగి ఎర్రన్నతోనూ అంతే అంది.

"నిన్నూ అంతే అయ్యా. నువ్వెవరి దగ్గరికీ పోనక్కర్లేదు. నేనిక్కడే కూర్చున్నాను."

గురువులు ఆలోచించాడు. కోడలి దగ్గరికి పోతే తప్పేముంది, అది ఎర్రన్న దగ్గరికి పోయినట్టు కాదుగా. ఎర్రన్న ఆలోచించాడు. కూతురి దగ్గరికి పోతే తప్పేముంది, అది గురువులు దగ్గరికి పోయినట్టు కాదుగా. గురువులు ఓ అడుగు వేశాడు, పీతోళ్ళందరూ ఓ అడుగు వేశారు. ఎర్రన్న ఓ అడుగు వేశాడు, శంఖమోళ్ళందరూ ఓ అడుగు వేశారు. పాతిన కర్రలు కాళ్ళకి తగిలి పడిపోయాయి, ఎవరూ వంగి చూడలేదు. లాగు, అడుగు. లాగు, అడుగు. నున్నటి ఇసక మీద మళ్ళీ అడుగులు పడ్డాయి.

ఊ కొడుతున్నారా? తులసీ? సరే.

అలా వచ్చి వచ్చి, ఓ ఆవు పడుకునేంత ఎడం ఉందనగా రెండు గుంపులూ ఆగిపోయాయి. అంత దగ్గరలో మొహాలు కనిపిస్తాయిగా. మొహం చూడగానే ఊరేగింపు గుర్తొచ్చింది ఎర్రన్నకి. కుండ అడుగున మట్టి అన్న మాట గుర్తొచ్చింది గురువులుకి. కాళ్ళు కదల్లేదు. వలలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి, మిగిలిన ఆ కాస్త సందులోంచి ఒకటీ అరా జారిపోతున్నాయి. అదే సమయానికి అసిరికి నడుం దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. చెబితే తాళ్ళు వదిలేసి పరిగెత్తుకొస్తారు, వల పోతుంది. పళ్ళు బిగించి పాట ఎత్తుకుంది.

"సాగరమ్మ ఇంటిలోన చాపలున్నవో."

పిల్ల తెలివైంది గానీ గొంతు మాత్రం తండ్రిది రాలేదు. బొంగురు. ఆ పైన నొప్పి. శ్రుతి ఎటో పోయింది. ఎర్రన్న ఏదైనా ఓర్చుకుంటాడు గానీ పాట పాడవడం ఓర్చుకోలేడు. అలా కాదు తల్లీ అని, తన గొంతుతో ఎత్తుకున్నాడు. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని. అలలు కూడా ఆగి విన్నాయిట.

పాట ఎత్తుకున్నాక బదులు రావాలిగా. గురువులు నోరు బిగపట్టుకున్నాడు. బదులివ్వకూడదు అనుకున్నాడు. కానీ మీసం రాకముందు నుంచీ ఆ పాటకి బదులిచ్చిన నోరది. మనసు వద్దంటూనే ఉంది, నోరు తెరుచుకుంది.

"ఐలేసా, చాపలున్నవో."

అంతే. వెనకున్న పీతోళ్ళందరూ అందుకున్నారు, శంఖమోళ్ళందరూ అందుకున్నారు. లాగు, అడుగు. లాగు, అడుగు. భుజానికి భుజం తగిలింది, వల నోరు మూసుకుంది, సంచి వచ్చి సరిగ్గా అసిరి కాళ్ళ దగ్గర పడింది. వంజరాలు, చందువలు, కవ్వళ్ళు, వెండి పోగు పోసినట్టు మెరుస్తున్నాయి. వల నిండు, బుట్ట నిండు, పొయ్యి మీద కుండ నిండు.

చేపల గోలలో అసిరి మెల్లిగా, ఇంక నాకు నొప్పులొస్తున్నాయత్తా, అమ్మా, అంది. ఎవర్ని పిలిచిందో తెలియక నూకాలూ పైడమ్మా ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఒకావిడ దక్షిణపు వీధికంది, ఒకావిడ ఉత్తరపు వీధికంది. ఎక్కడికీ తీసుకెళ్ళే వ్యవధి లేదు. పక్కనే వలలు దాచుకునే పాక ఉంది, అది ఊరందరిదీ. చెరో భుజం పట్టుకుని అందులోకి తీసుకెళ్ళారు. బయట ఇద్దరు తాతలూ ఒకే దుంగ మీద కూర్చున్నారు. ఎర్రన్న చుట్ట తీశాడు. గురువులు నిప్పు ఇచ్చాడు. లోపల్నుంచి క్యారుమని వినిపించింది. ఆడపిల్ల.

దానయ్య పడవ దిగొచ్చి, ఏమైంది అన్నాడుట. చూశారా ఆ మానవుణ్ణి.

ఆ రోజు ఊరంతా ఒకే పెద్ద కుండలో పులుసు పెట్టారు. జోగయ్యకీ పెట్టారు గానీ, తిన్నాక చేతిలో తాడు పెట్టి రేపట్నుంచి లాగమన్నారు. పొట్ట తగ్గి మనిషి తేలికపడ్డాడు. పిల్లకి పేరు పెట్టే దగ్గర మళ్ళీ గొడవ. నాయనమ్మ ఒకటంది, అమ్మమ్మ ఒకటంది. చివరికి ఆవిడ ఆ పేరుతో పిలుస్తుంది, ఈవిడ ఈ పేరుతో పిలుస్తుంది, పిల్ల రెండింటికీ పలుకుతుంది, ఎవరింట్లో పులుసు బాగుంటే ఆ ఇంట్లో తింటుంది.

మరి పీతలూ శంఖాలూ పోయాయా అంటే పోలేదు. ఎందుకు పోతాయి? గురువులు ఊరికి పెద్దగానే ఉన్నాడు. ఎర్రన్న రోజూ వచ్చి, నువ్వు చేసిన పని ఇదీ తప్పు, అదీ తప్పు, వచ్చేసారి చూడు నీ కుండ గాలికి దొర్లుతుంది అని తిడుతూనే ఉన్నాడు. ఇదివరకు తన అరుగు మీద నుంచి తిట్టేవాడు, ఇప్పుడు పక్కన కూర్చుని తిడుతున్నాడు. గురువులు సగం ఒప్పుకునేవాడు, సగం ఒప్పుకునేవాడు కాదు. కుండ అడుగున మట్టి లేదని ఎర్రన్నే పగలగొట్టి చూసి నలుగురికీ చెప్పాడు. ఎర్రన్న గుమ్మం ముందు డప్పులు కొట్టినవాళ్ళనే గురువులు పంపించి, ఆ గుమ్మం ముందు ముగ్గు వేయించాడు. గవ్వ ఎవరికి వేసుకున్నా సరే, తాడు వదలకూడదర్రా. పాట వినిపించినప్పుడు బదులు పలకాలి. అంతే ఈ కథ.

ఊ కొడుతున్నారా?

ఇదెవరి ఊ? చంటిగాడు నిద్రపోయాడే. తులసీ, నువ్వా? నువ్వు కాదూ?

ఓహో. వరండాలోంచా. ఎప్పట్నుంచి వింటున్నావురా? మొదట్నుంచీనా?

ఇదిగో, వంటింట్లోంచి కూడా ఒకటి వచ్చింది. నేననుకుంటూనే ఉన్నాను, గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. అమ్మాయ్, మధ్యాహ్నం పులుసు కాస్త మిగిలింది, వేడి చెయ్యి. వాడు పొద్దుటి నుంచి సరిగ్గా తినలేదు, నువ్వూ తినలేదు. నేను ఎవర్నీ ఎవరి దగ్గరికీ వెళ్ళమనడం లేదర్రా. ఇద్దరూ ఇలా నా మంచం దగ్గరికి రండి.

తులసీ, నువ్వు కళ్ళు మూసుకో. కథ కంచి దారి పట్టింది. మనం దుప్పట్లోకి.